మంచి బస్తా నమూనా

పడిపోవడంలో కూడా ఒక సుఖం ఉంది, పడ్డాక ఇక నిలబడే పని లేదు కదా, ఇంత చిన్న సంగతి తెలియడానికి నలభై తొమ్మిదేళ్లు పట్టిందా అనుకున్నాడు వెంకటనారాయణ. పొద్దున నడక నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుందామని పెరట్లో నీళ్ల గోళెం దగ్గర వంగాడు. అంతే. తడి బండ మీద చెంప ఆనించి ఉన్న ఆ రెండు నిమిషాలూ ఎవరూ అతన్ని ఏమీ అడగలేదు. తర్వాత భాగ్యవతి కేక వేసింది. తర్వాత అన్నీ మొదలయ్యాయి.

ఇప్పుడు ముందు గదిలో మంచం మీద ఉన్నాడు. చెమట ఆగడం లేదు. వేళ్లు వాటంతటవే వణుకుతున్నాయి. కాళ్ల దగ్గర నిలబడి భార్యా, బావమరిదీ అతను ఆ గదిలో లేనట్టుగా అతని గురించే కొట్లాడుకుంటున్నారు.

“షుగరు పెరిగిందక్కా. ఎట్ల వణుకుతుండో సూస్తలేవా?” అన్నాడు శంకర్. “పొద్దున గోలి ఒక్కటే ఇచ్చినవ్ గద?”

“ఒక్కటే. కాగితంల ఎట్ల రాసిన్రో అట్లనే.”

“ఇంకోటియ్యి.”

“డాక్టర్లను అడగకుండనా?”

“అడిగేదేందక్కా! ఇంజన్ మొరాయిస్తే ఇంత ఆయిల్ పోస్తం. గిది గుడ అంతే.”

శంకర్ మిల్లులో ఇంజన్ చూస్తాడు. అతని లెక్కలో లోకంలోని ప్రతిదీ నూనె తక్కువైన యంత్రమే. ఆ నమ్మకంతోనే అతను హాయిగా నిద్రపోతాడు. వెంకటనారాయణకు ఒక్కోసారి ఆ నిద్ర మీద అసూయ కలుగుతుంది.

భాగ్యవతి అలమారలోంచి మాత్రల సీసా తీసింది. మూత తిప్పుతున్న చప్పుడు వినబడింది.

“వద్దు,” అన్నాడు.

“ఏం వద్దు? మూడు వారాల సంది నా పాణం తోడుతున్నరు. రొట్టె వద్దు, కాకరకాయ వద్దు, మెంతుల నీళ్లు వద్దు. ఇప్పుడు గోలి గుడ వద్దా?”

“నోరెండింది. జర ఆగు.”

“నోరెండుడు గుడ షుగరే బావా,” అన్నాడు శంకర్. “కాగితంల మొదటి ముచ్చటే గది.”

నోరెండడం నిజమే. మూడు వారాలుగా అతనికి దాహం ఎక్కువైంది. నిద్ర మధ్యలో లేవవలసి వస్తోంది. అరికాళ్లలో చీమలు పాకినట్టు ఉంటోంది. పరిశోధనకు వచ్చిన డాక్టర్లు అచ్చువేసి పంచిన కాగితంలోని లక్షణాలన్నీ, పిలవని చుట్టాల్లా ఒకటొకటే వచ్చి అతని ఒంట్లో చోటు చూసుకున్నాయి. మనసు చదివినదాన్ని శరీరం ఇంత శ్రద్ధగా పాటిస్తుందని అతనికి తెలియదు. అన్నీ ఉన్నాయి. జబ్బు ఒక్కటే లేదు.

ఆ జబ్బు హమాలి సైదయ్యది.

ఈ వాక్యం అతను లోపల ఎన్నోసార్లు అనుకున్నాడు. బయటికి ఒక్కసారీ అనలేదు.

సాగరు నీళ్లొచ్చాక మిర్యాలగూడలో మిల్లులు పెరిగాయి, మిల్లరు పొట్టలూ పెరిగాయి. నలభై నుంచి అరవై మధ్య మనిషి లోపల ఏం జరుగుతుందో చూస్తామని పట్నం నుంచి డాక్టర్లు వచ్చినప్పుడు, రైస్ మిల్లర్ల సంఘానికి అధ్యక్షుడు కాబట్టి వెంకటనారాయణే తన మిల్లు వసారా ఇచ్చాడు. తూకం, రక్తపోటు, మూత్ర పరీక్ష. ఆ తర్వాత నడక, శ్వాస సాధన, తిండిలో మార్పు. సీసాలో మూత్రం పట్టి బజారులోంచి తేవడమంటే మిగతావాళ్లు సిగ్గుతో నవ్వారు. అతను లేచి నిలబడి, “మొదటి సీస నాదే,” అన్నాడు. చప్పట్లు కొట్టారు.

మర్నాడు పొద్దున మిల్లులో ఖాళీ సీసా చేతిలో పట్టుకుని నిలబడితే తండ్రి గుర్తొచ్చాడు. ఆయన ఈ షుగరుతోనే యాభయ్యో ఏట పోయాడు. మొదట కాలి వేలు నల్లబడింది, తర్వాత పాదం, తర్వాత అందరూ ఆయన దగ్గర ముక్కు మూసుకోకుండా కూర్చోవడానికి కష్టపడ్డారు. ఈ సీసా నింపితే, తాను ఏ వరుసలో నిలబడి ఉన్నాడో తెలిసిపోతుంది.

చేతికి మాత్రం ఏం చేయాలో తెలుసు. సర్కారుకు కట్టే లెవీ బియ్యానికి నమూనా అడిగితే ఏ మిల్లరూ పంపబోయే లాటులోంచి తీయడు. విడిగా పెట్టిన మంచి బస్తా ఒకటి ఉంటుంది. దాంట్లోంచి తీసి, చిన్న సంచిలో కట్టి, పేరు రాసి పంపుతారు. అడిగేవాళ్లకూ తెలుసు, పంపేవాళ్లకూ తెలుసు. దాన్ని మోసం అనుకోరు, మర్యాద అనుకుంటారు. ఇరవయ్యేళ్ల అలవాటు. ఆ పొద్దున అతని కళ్లు మంచి బస్తా కోసం వెతికాయి. క్వింటాలు బరువు వీపున వేసుకుని, పలక మీదుగా లారీలోకి ఎక్కుతున్న సైదయ్య కనబడ్డాడు. వయసు యాభై దాటినా మిల్లులో అంత గట్టి మనిషి ఇంకొకడు లేడు.

“సైదయ్యా, ఈ సీస నింపి తీస్కరా.”

ఎందుకని సైదయ్య అడగలేదు. పద్దెనిమిదేళ్లుగా ఆ మిల్లులో అతను దేనికీ ఎందుకని అడగలేదు.

నాలుగో రోజు చెప్పారు: మందు కలిపి మరగబెడితే సీసాలోది ఇటుక రంగుకు తిరిగిందట, అంటే షుగరున్నట్టే. ఇంట్లో ఏడుపులు. అతనికి మాత్రం ముందు నవ్వు వచ్చింది. నాది కాదు, నాది కాదు. ఆ నవ్వును దాచుకోవడానికి మొహం చేతుల్లో పెట్టుకుంటే, పాపం ఎంత కుంగిపోయాడో అనుకున్నారు. పది రోజుల తర్వాత సైదయ్య కుడి పాదానికి గుడ్డ కనబడింది. బస్తా లాగే కొక్కెం గీరుకుందన్నాడు. ఆ గుడ్డ ఇంకా విప్పలేదు.

రోజూ చెప్పాలనుకునేవాడు. అనుకోవడంలోనే చెప్పినంత అలసట వచ్చేది. ఆ అలసటను చూసుకుని, చెప్పడమూ అయిపోయిందన్నట్టు పడుకునేవాడు.

“మింగున్రి,” అంది భాగ్యవతి. అరచేతిలో తెల్లటి మాత్ర.

“వద్దంటున్న గద.”

ఆమె మాత్రను సీసాలో వేసి మంచం పట్టె మీద కూర్చుంది. కోపం వస్తుందనుకున్నాడు. రాలేదు. అంతకన్నా కష్టమైనది వచ్చింది.

“ఒక సంగతి ఎరుకనా మీకు?” అంది, గోడకేసి చూస్తూ. “మీకు షుగరని చెప్పిన్నాడే నాది గుడ రాసిన్రు. బీపీ. పైది నూట డెబ్బై. ఉప్పు తక్కువ తినాలంట, మధ్యాహ్నం జరసేపు పండుకోవాలంట. ఎవ్వరన్న అడిగిన్రా?”



“నువ్వే చెప్పకపోతివక్కా,” అన్నాడు శంకర్.

“ఎప్పుడు చెప్పాలె? జొన్నపిండి పిసికేటప్పుడా, కాకరకాయ రసం తీసేటప్పుడా? ఈ ఇంట్ల ఒక్క మనిషి బీమారికే జాగున్నది. ఇంకోళ్లది పట్టది.”

ఆ ఒక్క జాగాను కూడా తను దొంగగా ఆక్రమించాడు. వెంకటనారాయణ కళ్లు మూసుకున్నాడు. రెప్పల వెనక చీకటి కూడా వణుకుతోంది.

బయట జీపు ఆగింది. భాగ్యవతి కేక విన్న పక్కింటివాళ్లెవరో మిల్లులో చెప్పినట్టున్నారు. అరుణకుమారి లోపలికి వచ్చింది, చేతిలో ఇనుప పెట్టెతో. పరిశోధనలో సహాయకురాలు. కోదాడ పిల్ల, పాతికేళ్లుంటాయి. ఆమె కళ్ల కింద కూడా నిద్రలేని నీలం ఉంది. మూడు ఊళ్ల క్యాంపులు ఆమె ఒక్కతే తిరుగుతోంది.

నాడి పట్టుకుంది. నుదుటి చెమట చూసింది.

“పొద్దున్నే ఏం తిన్నారండీ?”

“ఏం తినలే అమ్మా. గోలి ఏస్కొని నడకకు పోయిన్రు,” అంది భాగ్యవతి. “మీరే గద పొట్ట తగ్గాలన్నరు.”

“మాత్ర వేసుకుని, ఏమీ తినకుండా రెండు మైళ్లు నడిచారా? పంచదార తెండి. నీళ్లలో నాలుగు చెంచాలు. త్వరగా.”

భాగ్యవతి కదల్లేదు. “చక్కెర బీమారి మనిషికి చక్కెరనా?”

“అవునమ్మా. చెబుతాగా, ముందు తెండి.”

“ఇంట్ల చక్కెర ఎక్కడిది? ఉన్నదంతా వీళ్లింటికి పంపిచ్చిన,” అని తమ్ముణ్ని చూపించింది. తర్వాత గొంతు తగ్గించి, “దేవునికాడ నైవేద్యానికని ఇంత బెల్లమున్నది,” అంది, తప్పు ఒప్పుకుంటున్నట్టు.

బెల్లం నీళ్లు గొంతు దిగుతుంటే అతనికి ఏడుపొచ్చింది. మూడు వారాల తర్వాత తీపి. నాలుక ఇంత దీనంగా ఉంటుందా? కొంతసేపటికి చెమట ఆరింది, వేళ్లు నిలిచాయి, గది గోడలు తమ చోటికి తాము వచ్చాయి. భాగ్యవతి చెంబుకేసి, అతనికేసి మార్చి మార్చి చూసింది. నమ్మిన లోకం ఎవరో తలకిందులు చేసినట్టు.

“ఒకసారి మూత్రం చూడాలండీ,” అంది అరుణకుమారి, సీసా అందిస్తూ.

ఈసారి అతనే నింపాడు. పెరటి గోడ పక్కన నిలబడి, ఒంటరిగా. మొట్టమొదటిసారి.

వసారాలో ముక్కాలిపీట మీద ఆమె స్పిరిట్ దీపం వెలిగించింది. గాజు గొట్టంలో నీలం మందు, అందులో ఎనిమిది చుక్కలు. పట్టకారుతో మంట మీద పట్టుకుంది. శంకర్ వంగి చూస్తున్నాడు. భాగ్యవతి కొంగు నోట్లో పెట్టుకుంది.

వెంకటనారాయణ మంట వైపు చూస్తూ తనలో పుడుతున్న కోరికను గమనించి భయపడ్డాడు. ఎర్రబడాలి. ఇటుక రంగుకు తిరగాలి. తిరిగితే అబద్ధమంటూ ఏమీ మిగలదు, ఆ మొదటి సీసా ఎవరిదైనా ఒకటే. రోగిష్టినైతే నేను నిజాయితీపరుణ్నవుతాను. తండ్రి చచ్చిన చావు కోసం దేవుణ్ని అడుగుతున్నాడు తను, ఒక చిన్న మాట చెప్పడం తప్పించుకోవడానికి. మనిషి ఇంత దూరం వస్తాడా? వచ్చాడు.

గొట్టంలో బుడగలు లేచాయి. మరిగింది. రంగు మారలేదు. నీలం నీలంగానే ఉంది.

“చూశారా!” అంది అరుణకుమారి. దీపం ఆర్పి, గొట్టాన్ని వెలుతురుకు పెట్టి మళ్లీ చూసింది. “అస్సలు లేదండీ. అందుకే పడిపోయారు. షుగర్ లేని ఒంట్లో ఆ మాత్ర ఎక్కువైపోయింది. ఇవాళ్టి నుంచి మాత్ర మానేయండి.”

“ఖతమైందా బీమారి?” శంకర్ ఎగిరినంత పని చేశాడు. “బావా! మొత్తం వూరు నవ్వింది మీ నడకను. బట్టతలల పరేడన్నరు. ఇప్పుడు రమ్మను ఒక్కొక్కణ్ని!”

భాగ్యవతి నవ్వింది. నవ్వుతూనే కొంగుతో కళ్లు ఒత్తుకుంది. “ఈ పూట అన్నం వండుత,” అంది. “తెల్లన్నం. పప్పు, చింతకాయ తొక్కు.” ఆమె నడుము నిటారుగా చేసుకోవడం అతను చూశాడు, మూడు వారాల బరువు ఎవరో దించినట్టు.

ఆ నవ్వు కూడా నేనే తీసేయాలి, అనుకున్నాడు.

అరుణకుమారి రిజిస్టరు తెరిచి రాసుకుంటోంది. “ఇరవై రెండు రోజుల్లో, వెంకటనారాయణ గారూ! పెద్ద డాక్టరు గారు నమ్మరు. వచ్చే గురువారం సూర్యాపేట క్యాంపులో మీరే చెప్పాలి. తర్వాత మా కోదాడలో.”

“నేనేం చెప్పాలె?”

“నడకతో, జొన్నరొట్టెతో పోయిందని. మేం చెబితే వినరండీ, అదే ఒక మిల్లరు చెబితే...” ఆమె కలం ఆగింది. “మా నాన్నగారికీ ఇదే. మాత్రలంటే చిన్నపిల్లాడిలా మారాం చేస్తారు. మీ సంగతి ఆయనకు చెప్పాలి. ఆయనకూ మానిపించొచ్చేమో.”

“మానిపియ్యకు,” అన్నాడు వెంకటనారాయణ.

ఆమె తలెత్తింది.

“అంటే... తొందరపడకమ్మా అంటున్న.”

అంతే చెప్పగలిగాడు. ఆమె నవ్వి, పెట్టె మూసి, హుజూర్‌నగర్‌లో జనం ఎదురుచూస్తున్నారని లేచింది. శంకర్ జీపు దాకా సాగనంపడానికి వెళ్లాడు. భాగ్యవతి వంటింట్లోకి వెళ్లింది. చేటలో బియ్యం చెరుగుతున్న చప్పుడు మొదలైంది. అతను వసారాలో ఒక్కడే మిగిలాడు, ఆరోగ్యవంతుడిగా.

పక్క గేటు కిర్రుమంది. సైదయ్య. చంకలో చిన్న మూట.

“సేటూ, పాణం ఎట్లున్నది? పడ్డరంటే ఉరికొచ్చిన.”

ఉరికొచ్చాననే అన్నాడు గాని, గేటు నుంచి వసారా దాకా రావడానికి అతనికి చాలాసేపు పట్టింది. మడమ మీద బరువు మోపి, ముందు పాదం ఎత్తి నడుస్తున్నాడు. గుడ్డ అంచున పసుపుపచ్చ తడి. దగ్గరికి వచ్చాక, ఇరవై ఏళ్లు గడిచినా మరిచిపోలేని ఒక వాసన వెంకటనారాయణకు తెలిసింది. తండ్రి పాదం దగ్గరిదే.

“మంచిగనే ఉన్న. నీ కాలెట్లున్నది?”

“గదే సేటూ. వేములపల్లిల పసరు కట్టేటాయన ఉన్నడంట. పది దినాలు ఆడనే ఉంట. మా ఇంటామె కాటమ్మ ఒక్కతీర్గ లొల్లి చేస్తున్నది, పోతవా పోవా అని.”

“నొప్పున్నదా?”

“నొప్పే లేదు! మొదలుండె. ఇప్పుడు సూదితోని పొడిసినా ఎరుకైతలేదు. మానుతున్నట్టే గద సేటూ?”

నొప్పి లేదురా, తగ్గిపోయింది. తండ్రి కూడా ఇలాగే అన్నాడు, నవ్వుతూ, మంచం మీద కాలు చాపి. ఆ రోజు ఇంట్లో అందరూ సంతోషించారు.

సైదయ్య వంటింటి వైపు చూసి, గొంతు తగ్గించాడు. “ఒక మాట సేటూ. గా సీస మళ్ల గిన కావాల్నంటే ఇప్పుడే నింపిస్త. ఊరికి పోతే దొరక.”

వెంకటనారాయణ కుర్చీ చెయ్యి పట్టుకున్నాడు. “ఆ సీస దేనికనుకున్నవ్ సైదయ్యా?”

“మందుకనుకున్న. గట్టి మనుషులది తీసి పెద్దోళ్లకు మందు చేస్తరు గావచ్చని. మా కాటమ్మకు గుడ చెప్పిన, నా తాకత్ సేటుకు పోయిందే అని.” నవ్వాడు. పై పన్ను ఒకటి ఊడి ఉంది. “ఉత్తగ పరాచికానికన్న. ఏమోగని, నాకే జర నీరసమున్నది. నీళ్లు తాగుడే తాగుడు. ఎండకేమో.”

“ఎప్పటి సంది?”

“ఉంటది మూడు నెలలు. పోనియ్యి సేటూ, మీరు మంచిగైన్రు గద. గదే సాలు.”

ఇతనికి కోపం వచ్చే వీలే లేదు. చెప్పినా రాదేమో. అదే భరించడం కష్టం. కోపగించుకునేవాడికి చెప్పడం తేలిక.

వీధిలో జీపు ఇంజన్ దగ్గి ఆగిపోయింది. శంకర్ ఏదో అరుస్తున్నాడు, తోయమంటున్నాడో, ఆగమంటున్నాడో. మళ్లీ దగ్గింది. ఇంకో ప్రయత్నానికి అంటుకుంటుంది. అంటుకుంటే ఆ పిల్ల రిజిస్టరుతో పాటు హుజూర్‌నగర్ వెళుతుంది, ఇతను మూటతో వేములపల్లి వెళతాడు, గురువారం తను సూర్యాపేట వెళతాడు. ఎవరి దారిలో వాళ్లు. అన్నీ సవ్యంగా ఉంటాయి.

రేపు కబురు చేయొచ్చు. ఉత్తరం రాయొచ్చు. పెద్ద డాక్టరుకు ఒంటరిగా చెప్పొచ్చు, పేర్లు లేకుండా. అతని మనసు ఎప్పటిలాగే అన్ని తలుపులూ తీసి చూపిస్తోంది, ఒక్క వీధి తలుపు తప్ప.

లేచి నిలబడ్డాడు.

“నడువు సైదయ్యా.”

“ఎటు సేటూ? నా బస్సు గా దిక్కు.”

“జీపుకాడికి. ఆ పిల్లకు ఒక మాట చెప్పాలె. నువ్వుండంగనే చెప్పాలె.”

“నేనెందుకు? నా బట్టలు సూడున్రి, గిట్ల...”

“నీ గురించే.”

సైదయ్య అర్థం కాక చూశాడు. తర్వాత అలవాటు ప్రకారం అర్థం కాకుండానే కదిలాడు. మెట్టు దిగబోయి, ముందు పాదం పట్టు దొరక్క తూలి, స్తంభం కోసం చేయి చాచాడు.

వంటింటి గడపలో చేటతో భాగ్యవతి. “ఏమండీ, ఇప్పుడే పడి లేసిన్రు. మళ్ల ఎటు?”

అతను వెనక్కి చూడలేదు. స్తంభానికి అందని ఆ చేతిని మణికట్టు దగ్గర పట్టుకుని, ఎన్నడూ ఏ బరువూ ఎరగని తన భుజం మీద వేసుకున్నాడు.